నేను తోలుకొచ్చిన పన్నెండు ఆవులు

మా వీధిలో ఇద్దరు పిల్లలు సెల్‌ఫోనుకు కర్ర తగిలించుకుని ఊరూరా తిరిగి చరిత్ర తవ్వుతున్నారు. పాత గోడ ఒకటి కనిపిస్తే చాలు, దాని ముందు నిలబడి చేతులు ఊపుతూ మాట్లాడతారు. మొన్న ఇద్దరూ మా ఇంటికి వచ్చి, "అంకుల్, మీరు సర్వీసంతా ఇదే పని చేసినారంట కదా. ముసిలోళ్ళతో కథలు చెప్పించేకి ఏమన్నా ట్రిక్కు ఉండాదా?" అని అడిగారు.

ఉంది. మంచి ట్రిక్కే. దాన్ని వాడి ఒకసారి ఒక ఊరి విత్తనాన్నే ఆపేశాను. నోటితో చెబితే ట్రిక్కు వరకు విని లేచి వెళ్ళిపోతారని, రాస్తున్నాను.

నేను పుట్టింది బళ్ళారి కౌల్ బజార్లో, స్టీలు సామాన్ల అంగడి వెనకనున్న ఇంట్లో. చెప్పిన ధరకు వస్తువు కొన్నవాడు మా వంశంలో లేడు. మా నాయన ఆసుపత్రిలో పడుకుని కూడా డాక్టరు ఆరు దినాలకు మందులు రాస్తే నాలుగు దినాలకు బేరమాడాడు. పురోహితుడు పెళ్ళి మంత్రాలు గంటన్నర పడతాయంటే మా మేనమామ ముప్పావు గంటకు తెగ్గొట్టాడు. ఆ పెళ్ళి నాదే. ఎక్కడ ఏ మంత్రం తగ్గిందో నా భార్య ఇప్పటికీ వెతుకుతూనే ఉంది.

బేరంలో మా ఇంటి ఆయుధం ఒక్కటే, పక్కంగడి. "పక్కంగట్లో ఇంతకంటే తక్కువకే ఇస్తామన్నారు" అనాలి. పక్కంగడికి పోయి ఉండనవసరం లేదు. అసలు పక్కన అంగడనేది ఉండనవసరం కూడా లేదు. ఆ మాట చెవిన పడగానే ఎదుటివాడికి ఒళ్ళు మండుతుంది. "వానిది పలచ రేకప్పా! నాది చూడు, తట్టి చూడు!" అంటూ తన సరుకు గుట్టంతా తనే విప్పుతాడు. బేరం అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

నన్ను గల్లా ముందు కూచోబెడితే గిరాకీలకు కథలు చెబుతూ సాయంత్రానికి ఒక చెంబైనా అమ్మనని మా నాయన అంగడిని మా అన్నకిచ్చాడు. నేను ఊళ్ళ చరిత్రలు పోగుచేసి పుస్తకాలు వేసే ఒక చిన్న సర్కారు ఆఫీసులో చేరాను. ఊరికి వెళ్ళాలి, పెద్దలను అడగాలి, నోటుబుక్కులో రాసుకోవాలి, తిరిగి రావాలి. వినడానికి సుఖమైన పని. కానీ ఊళ్ళో ఎవరూ ఏమీ చెప్పరు. "ఏముండాదప్పా మా ఊర్లో, దుమ్ము ఉండాది" అంటారు. దుమ్ము గురించి రెండు పేజీలు రాయలేం కదా.

ఒక రోజు విసుగెత్తి, "పక్క ఊరోళ్ళు అంటాండారు, మీ కోట మీది కాదంట, వాళ్ళ దొర మీకు బాడుగకు ఇచ్చినాడంట" అన్నాను. అంతే, అరుగు మీది ముసలాయన కర్ర నేలకేసి కొట్టి లేచి, మూడు గంటలు చెప్పాడు. ఆ దినం నుంచి నేను ఆ ఆయుధాన్ని కిందికి దించలేదు. కుడతిని దగ్గర పాతకాలపు బూడిద దిబ్బ ఒకటుంది. అది రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని కొందరు, పేడ కాల్చిన బూడిద అని పండితులు అంటారు. అక్కడికి పోయి, "పక్క ఊరోళ్ళు ఇది కరెంటు ఫ్యాక్టరీ బూడిదేనంటాండారు" అన్నాను. నన్ను కొట్టలేదు గానీ, రాక్షసుడి పెళ్ళాం పేరు కూడా చెప్పి పంపారు.

మా జీపు డ్రైవరుది కప్పగల్లు అనే ఊరు. మనిషి మర్యాదస్థుడు, నోరు మాత్రం కాదు. "సార్, మీరు చెప్పిన అబద్ధాలన్నీ ఒకనాడు జీపెక్కి మన ఎనకాలే వస్తాయి సార్" అనేవాడు. "వస్తే డీజిలు ఖర్చు వాటిదే" అనేవాణ్ణి నేను. తెలివైనవాణ్ణని నా నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కర్ణాటక కొసన ఒక చిన్న టౌను ఉంది. పేరెందుకు, టౌను అనే అంటాను. దాని పక్కనే ఒక వంక, అంటే చిన్న వాగు. వంకకు అవతల ఆంధ్రాలో ఒక ఊరు. వంక దాటితే రాష్ట్రం మారుతుంది, సారా ధర మారుతుంది, మనుషులు మాత్రం మారరు. రెండుచోట్లా ఒకే తిట్లు.

టౌనులో ఎరువాక పున్నమికి ఎద్దుల పందెం జరుగుతుంది. అగసి దగ్గర, అంటే ఊరి వాకిట్లో, గోగునారతో పేనిన తాడుకు వేపరెమ్మలు గుచ్చి అడ్డంగా కడతారు. దాని పేరు కరి. కొమ్ములకు రంగులేసిన ఎద్దులను తోలితే, ముందొచ్చిన ఎద్దు ఆ కరిని తెంపుకుని ఊళ్ళోకి వస్తుంది. తెల్ల ఎద్దు తెంపితే ఆ ఏడు తెల్లజొన్న, పత్తి బాగా పండుతాయి. ఎర్ర ఎద్దు తెంపితే కందులు. కరి తెగేదాకా టౌనులో ఒక్క రైతూ గొర్రు కట్టడు, ఒక్క గింజ నేలలో వేయడు.

ఆ కరిని టౌనువాళ్ళు కట్టకూడదు. వంకావలి ఊళ్ళో ఒక ఇంటివాళ్ళు వచ్చి కట్టాలి. ఎందుకని అడగడానికే నేను ఆ ఇంటికి వెళ్ళాను.

ఆ ఇంటి పెద్ద ఒక అవ్వ. టౌను సంతలో నలభై ఏళ్ళు వంకాయలు అమ్మిన మనిషి. ఇంటి ముందు ఒక వీరగల్లు, అంటే పోరులో చచ్చిన వీరుడి గుర్తురాయి, నిలబెట్టి ఉంది. చేతిలో బాకుతో ఒక మనిషి, వెనక వరసగా ఆవులు.

"ఏమవ్వా, ఈ రాయి కథేంది?" అన్నాను.

"రాయప్పా" అంది అవ్వ.

ఇంకోమాట లేదు. ఎండ మండుతోంది, డ్రైవరు ఆవలిస్తున్నాడు. నేను ఆయుధం తీశాను.

"అట్లనా. టౌన్లో మాత్రం అంటాండారవ్వా, ఈయప్ప వీరుడు కాదంట. టౌనోళ్ళ ఆవుల్ని పన్నెండింటిని తోలుకపోతాంటే పట్టుకుని పొడిచినారంట."

పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగకండి. మా అంగట్లో గ్లాసులు డజన్ల లెక్కన వచ్చేవి. అబద్ధమాడేటప్పుడు నా నోటికి ఆ అంకె తప్ప వేరేది రాదు.

అవ్వ చేతిలోని చేట కింద పడింది. రెండు గంటలు ఊపిరి తీసుకోకుండా చెప్పింది. దోపిడీ మూక టౌను మందను తోలుకుపోతుంటే తమ ఇంటి పెద్ద వంకలో అడ్డం పడ్డాడట. మందంతా పోయి అయిదు ఆవులే మిగిలాయట. "ఆవులు ముందొచ్చినాయప్పా, వాటంతట అవే. మనిషి ఎనకొచ్చినాడు, నలుగురి భుజాల మీద." అప్పుడు టౌను పెద్దలు, ప్రాణమిచ్చిన ఇంటివాళ్ళు మాలో ఎవరి పక్షమూ పట్టరని, కరి కట్టే హక్కు వాళ్ళకిచ్చారట. రాయి మీద ఆవులను వేలితో తడిమి చూపించింది. అయిదే.

అంత మంచి కథ నా సర్వీసులో దొరకలేదు. సంతోషంతో నోటుబుక్కు నింపాను. కుడిపేజీలో అవ్వ చెప్పింది. ఎడమపేజీలో, నా అలవాటు ప్రకారం, నేను వేసిన ఎర. ఎరలన్నింటికీ నేను పెట్టే శీర్షిక ఒకటే, "పక్కవారి మాట."

మా ఆఫీసు పెద్ద, సాహేబ్రు, నోటుబుక్కు చూసి మురిసిపోయారు. "ఎరడూ కడేదు బర్లి రీ" అన్నారు, రెండువైపులదీ పడనీ అని. ఒక్కవైపే వేస్తే అర్జీలొస్తాయని ఆయన భయం. టైపిస్టమ్మ రెండూ కొట్టి, ప్రూఫు నా బల్ల మీద పెట్టి ఒక మాట అడిగింది.

"సార్, ఈ దొంగ కథ టౌన్లో ఎవరు చెప్పినారు? మీ బుక్కులో పేరు లేదు."

అక్కడ నిజం చెప్పడానికి నాకు ఒక నిముషం దొరికింది. కానీ సాహేబ్రు అప్పటికే నా గురించి పైకి గొప్పగా రాశారు, ఈయన రెండు పక్షాలనూ విచారిస్తారని. పైగా సర్కారు పుస్తకం ఎవడు చదువుతాడని నా లెక్క.

"ఊరి పెద్దలు అని కొట్టమ్మా" అన్నాను.

ఆమె కళ్ళజోడు మీదుగా నన్నొక చూపు చూసి, కొట్టింది.

పుస్తకం వచ్చింది. నా లెక్క ఇంచుమించు నిజమే, ఎవడూ చదవలేదు, టౌను హోటల్లో టీ తాగే ఒక్క పనిలేనివాడు తప్ప. వాడొక్కడే వందమందికి చదివి వినిపించాడు. వంకావలి మనిషి ఎవరైనా టీకి వస్తే, "అప్పా, మా ఎద్దులు జాగ్రత్త, వచ్చినాడు" అనడం మొదలైంది. ఆ మాట వంక దాటి అవ్వ ఇంటికి చేరింది.

ఎరువాక పున్నమి నాటి పొద్దున డ్రైవరు మా ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"సార్, మీ అబద్ధాలు జీపెక్కినాయి. టౌన్లో కరి కట్టేకి ఆ ఇంటోళ్ళు రాలేదంట. రామని చెప్పి పంపినారంట."

సాహేబ్రుకు ఫోను చేస్తే, రెండో ముద్రణలో సవరిద్దామన్నారు. మొదటి ముద్రణే ఇంకా బీరువాలోంచి కదల్లేదు. జీపెక్కాను.

టౌను అగసి దగ్గర ఎద్దులు నిలబడి ఉన్నాయి, కొమ్ములకు రంగు, మెడలో గంటలు. మనుషుల మొహాలు మాత్రం రంగు పోయి ఉన్నాయి. నాలుగు రోజుల కిందట మంచి వాన పడింది. ఆ తర్వాత పడమటి గాలి పట్టుకుని వదల్లేదు. ఒక పెద్ద రైతు నేలమీది మట్టి పిడికిట్లోకి తీసి నలిపి నా ముందు వదిలాడు. అది ముద్దగా పడలేదు, రాలింది.

"ఇంగ రెండు దినాలు ఈ గాలి ఇట్లే కొడితే పదును పోతాదప్పా. ఇత్తనం ఏసినా మొలిసేది లేదు. మళ్ళా వాన ఎప్పుడో."

"మీరే కట్టుకోకూడదా?"

"మేమా?" అని నవ్వాడు ఆయన. "ఎవుడు కడితే వాడు వాని ఎద్దు పక్క తాడు కిందికి కడతాడు. మాలో మాకు నమ్మకం ఉంటే వంకావలోళ్ళు యాల?"

వంక దాటాను. అవ్వ అరుగు మీద కూచుని ఉంది. పక్కన మంచం మీద కరి చుట్టచుట్టి ఉంది. పేని, వేపరెమ్మలు కూడా గుచ్చింది. పంపలేదు, అంతే.

"రాప్పా సెట్టీ. ఈపొద్దు ఎవురేమన్నారో చెప్పు."

బేరం మొదలుపెట్టాను. అలవాటు ఊరుకోదు.

"అచ్చుతప్పు అవ్వా."

"అచ్చులో అక్షరం పోతాదని విన్నా. మనిషి దొంగైపోతాడా?"

"మా సాహేబ్రు చేసిన పొరపాటు."

"మీ సాహేబు ఎప్పుడన్నా ఈ వంక దాటినాడా?"

"టౌన్లో ఎవరో ఒకాయన అన్నాడవ్వా. పేరు గుర్తు లేదు."

"గుర్తొచ్చేదాకా కూసో. కాఫీ తాగుతావా?"

కాఫీ వచ్చింది. తాగాను. పేరు రాలేదు. ఇంకో గ్లాసు వచ్చింది. ఆమె ఇద్దరు కొడుకులు గోడకానుకుని నన్నే చూస్తున్నారు. గాలి వీస్తూనే ఉంది, వేపరెమ్మల మీద ఆకులు ముడుచుకుపోతున్నాయి. డ్రైవరు వాకిట్లోంచి, "చెప్పేయండి సార్. మూడో గ్లాసు మీకు పడదు" అన్నాడు.

"అవ్వా, టౌన్లో ఎవరూ అనలేదు. నేనే అన్నా."

అవ్వ రాయి వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"యాల?"

"నీతో మాట్లాడించేకి."

"అడిగింటే చెప్పకపోదునా?"

"అడిగినా కదవ్వా. రాయి అన్నావు."

"ఒకసారి అడిగితే చెప్తారా ఎవురన్నా? రెండోసారి అడగల్ల, మూడోసారి అడగల్ల. అడిగేవానికి నిజంగా కావల్లనో వద్దో తెలియాల కదా. మొదటి మాటకే వంకాయ కూడా ఈయను నేను."

పుట్టినప్పటి నుంచి బేరాల మధ్య పెరిగినవాణ్ణి. మొదటి మాట అసలు మాట కాదని నాకు తెలియాలి. చెంబు కొనడానికి నాలుగుసార్లు అడిగే మనిషిని, ఒక మనిషి చావు గురించి ఒక్కసారి అడిగి వదిలేశాను.

"ఇప్పుడు ఏం చేయమంటావవ్వా?"

"టౌను అగసిలో, అందరి ముందర, ఇదే మాట చెప్పల్ల."

"ఇక్కడే నీ కొడుకుల ముందర చెప్తా. కాగితం మీద రాసిస్తా."

"అగసిలో."

"సీలు కొట్టించి ఇస్తా."

"సీలున్న పుస్తకంలోనే కదప్పా మమ్మల్ని దొంగల్ని చేసినావు. అగసిలో." తాడు చుట్ట భుజానికెత్తుకుని లేచింది. జీవితంలో మొదటిసారి, చెప్పిన ధరకు కొన్నాను.

జీపులో వెనక సీట్లో అవ్వ, కొడుకులు, కరి. ముందు సీట్లో నేను. అగసి పక్కన రాతి కట్ట ఉంటే దాని మీదికి ఎక్కాను. ఎద్దులు, మనుషులు అందరూ నా వైపు తిరిగారు. చరిత్ర రచనలో కొన్నిసార్లు సమాచార లోపాలు, అని ఎత్తుకున్నాను.

"తెలుగులో సార్!" అని అరిచాడు డ్రైవరు.

"ఆ పుస్తకంలో దొంగ కథ నేను కల్పించినా. మీరెవరూ నాకు చెప్పలేదు. ఆ ఇంటాయన దొంగ కాదు. అది అబద్ధం, నా అబద్ధం."

ఇక తిడతారు, పడదాం అనుకున్నాను. అప్పుడు గుంపులోంచి తలగుడ్డ కట్టిన ఒక ముసలాయన ముందుకొచ్చాడు.

"నువ్వెట్ల కల్పిస్తావప్పా? ఆ కథ మా తాత చెప్పినాడు నాకు. నా చిన్నప్పుడు."

"హౌదు, హౌదు. మేమూ విన్నాం" అన్నారు వెనక ఇద్దరు.

సిగ్గు పోయి నాకు కోపం వచ్చింది. నా అబద్ధం, నా కష్టార్జితం, కళ్ళముందే ఎవడి తాతో పట్టుకుపోతున్నాడు! "ఏం తాతప్పా? నేను పుట్టించినా అంటే వినవేం?" అన్నాను. "నువ్వు బళ్ళారోడివి, నీకేం తెలుసు మా ఊరి సంగతి" అన్నాడాయన. జనం ఆయన వైపే తలలూపారు. అవ్వ కొడుకులు జీపు దిగబోయి ఆగిపోయారు. ఇంకొక్క మాట అటైతే, ఆ కరి వెనక్కి వెళ్ళిపోయేది.

అవ్వే దిగింది. ముసలాయన ముందుకొచ్చి నిలబడింది.

"ఏమప్పా, మీ తాత ఎన్ని ఆవులన్నాడు?"

"పన్నెండు."

"మీ తాత మా రాయిని చూసినాడా?"

"చూడక? దాని పక్కనే మా సేను. దినామూ ఆడే సద్ది తినేవాడు."

"రాయి మీదుండేవి అయిదు. మీ తాతకు ఎంచేకి రాదా, కండ్లు లేవా?"

అగసిలో మొదట ఎవడో ఒకడు కిసుక్కుమన్నాడు. మట్టి నలిపిన పెద్ద రైతు నా వైపు తిరిగి, "మరి ఈ పన్నెండు యాడివి సెట్టెప్పా?" అన్నాడు.

"మా అంగట్లో గ్లాసులు డజను లెక్కన వస్తాయి" అన్నాను.

నవ్వుకు ఎద్దులు బెదిరాయి. ఒకటి కట్టు తెంచుకుని కట్ట మీద నా పంచె కొసను కొమ్ముకు తగిలించుకుంది. దాన్ని విడిపించుకునేసరికి ఇంకోసారి నవ్వారు. అవ్వ నవ్వలేదు. కానీ తల తిప్పి కొడుకులకు సైగ చేసింది. ఇద్దరూ అగసికి రెండుపక్కలా ఎక్కి కరి కట్టారు. చెరోవైపు జానతో కొలిచి చూసుకుని, ఒకటే ఎత్తులో కట్టారు. టౌనువాళ్ళు ఒక్కరూ దగ్గరికి పోలేదు.

ఎర్ర ఎద్దు తెంపింది. జొన్న వేసేవాళ్ళు ఉసూరుమన్నారు, కంది వేసేవాళ్ళు ఈలలేశారు. ఆ సాయంత్రమే కొందరు గొర్రు సరిచేసుకోవడం మొదలుపెట్టారు. మరుసటి పొద్దున వంకకు ఇవతల చేలన్నిటా విత్తనం పడింది. పదును అందింది. ఆఫీసులో నాకు మెమో వచ్చింది. పుస్తకాల్లో ఆ పేజీ మీద సవరణ చీటీ అంటించే పని కూడా నాకే అప్పగించారు. టైపిస్టమ్మ జిగురు సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టి, కళ్ళజోడు మీదుగా అదే చూపు చూసి వెళ్ళింది. ఆమె ఏమన్నా అని ఉంటే బాగుండేది.

ఆ పందెం నాడే, అవ్వను ఇంటి దగ్గర దించి వెనక్కి వస్తుంటే, దారిలో తలగుడ్డ ముసలాయన చెయ్యెత్తి జీపు ఆపాడు. చేను చూసుకుని వస్తున్నాడట, టౌను దాకా దింపమన్నాడు. ఎక్కి కూచుని, వెనక నుంచి నా భుజం తట్టాడు.

"సెట్టెప్పా, ఆ గుంపులో తొందరపడి పన్నెండు అనేసినా. పన్నెండు కాదు. అయిదే. మా తాత అయిదనే చెప్పినాడు."

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు.

"అయిదేనా?" అన్నాను.

"అయిదే."

"బాగా గుర్తుందా అప్పా?"

"నా చిన్నప్పుడప్పా, నిన్న విన్నట్లుండాది. అయిదు."

అవ్వ చెప్పినట్టే మూడోసారి కూడా అడిగాను.